మందం రంగుది కాదు, పేస్టుది

శ్రోతలకు నమస్కారం. డచ్ చిత్రకారుడు వాన్ గో 1888లో నూనె రంగులతో వేసిన పొద్దుతిరుగుడు పూల బొమ్మల్లో రంగు గట్లు కట్టి ఉంటుంది. ఆ గట్ల మీద వెలుతురు పడి పక్కన సన్నని నీడ పడుతుంది. నూనె రంగుల్లో నాకు అన్నిటికన్నా నచ్చేది ఆ నీడే. మామూలు క్రాఫ్ట్ పెయింట్‌తో ఆ మందం, ఆ నీడ ఎలా తెప్పించాలో ఈరోజు చూద్దాం.

నూనె రంగు ఆరాలంటే రోజులు పడుతుంది, మందంగా వేస్తే నెలలు. చిన్న సీసాల్లో దొరికే క్రాఫ్ట్ పెయింట్ అక్రిలిక్. నీళ్లతో కడిగితే బ్రష్ శుభ్రమవుతుంది, పలుచగా వేస్తే కాసేపట్లో ఆరిపోతుంది. కానీ అది జారుగా ఉంటుంది, గట్టు కట్టదు. మందంగా పోస్తే పైన పొర కడుతుంది, లోపలి నీరు పోతూ కుంచించుకుని పగుళ్లిస్తుంది. అందుకే చెబుతున్నాను: మందం రంగుతో రాదు, మోడలింగ్ పేస్టుతో వస్తుంది. అంటే, మలిచిన ఆకారంలోనే ఆరి గట్టిపడే చిక్కటి పేస్టు.

ఒక సముద్రపు అల వేద్దాం. కాన్వాస్ కన్నా గట్టి చెక్క పలక మంచిది. కాన్వాస్ వంగితే పేస్టు చిట్లవచ్చు. పెయింటింగ్ నైఫ్‌తో, అంటే రంగు పూయడానికి వాడే పదును లేని సన్నని చాకుతో పేస్టు తీసుకుని, దూరపు నీటిని పలుచగా, అడ్డంగా లాగండి. అల దగ్గరికొచ్చేసరికి కింది నుంచి పైకి, అల ఎటు ఒంగుతుందో అటే నైఫ్‌ను తిప్పండి. నురగ దగ్గర అద్ది, పైకెత్తండి. చిన్న చిన్న మొనలు నిలబడతాయి. ఇంకా రంగు అంటనేలేదు, అల మాత్రం వచ్చేసింది!

పేస్టు ఆరాక ముదురు నీలంలో కాస్త ఆకుపచ్చ కలిపి అంతటా పూయండి. గీతల లోతుల్లోకి కూడా పోవాలి. అది ఆరాక లేత నీలం పైపైన. చివరగా తెలుపులో చిటికెడు పసుపు కలిపి, బ్రష్‌ను గుడ్డకు తుడిచి, దాదాపు పొడి బ్రష్‌తో మొనలను మాత్రం తాకించండి. తెలుపు మొనలకే అంటుతుంది, ముదురు నీలం లోతుల్లోనే ఉండిపోతుంది. ఆ క్షణం నాకెంత ఇష్టమో చెప్పలేను.

అక్రిలిక్ ఆరాక కొంచెం ముదురుతుంది, కాబట్టి రంగును ఒక మెట్టు లేతగా కలుపుకోండి. క్రాఫ్ట్ పెయింట్ చాలావరకు మెరుపు లేకుండా ఆరుతుంది. పైన గ్లాసీ వార్నిష్, అంటే మెరుపునిచ్చే వార్నిష్ రెండు పలుచని పూతలు వేస్తే నూనె రంగులాంటి నిగారింపు, లోతు వస్తాయి. ఇది నూనె రంగేనని ఎవరినీ నమ్మించక్కర్లేదు. పొర మీద పొర త్వరత్వరగా వేసుకునే వీలు నూనె రంగుకు లేదు, దీనికి ఉంది.

ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి, పేస్టు పూర్తిగా ఆరాలి. పైన గట్టిపడినంత మాత్రాన ఆరినట్టు కాదు. బాగా మందంగా ఉన్నచోట చేతి వెనుక భాగం ఆనించి చూడండి. చల్లగా తగిలితే లోపల ఇంకా తడి ఉన్నట్టే. రంగు రేపు వేసుకోండి.