గేర్లు 'మెష్' అవ్వడం అంటే ఏంటి?

[తెర మీద: రెండు గేర్లు మెల్లగా తిరుగుతుంటాయి. కెమెరా పళ్ళు కలిసే చోటికి దగ్గరగా వెళ్తుంది.]

ఈ చిన్న గేర్ పన్ను చూడండి. పెద్ద గేర్ రెండు పళ్ళ మధ్య సందులోకి దిగింది, పక్క పన్నును నెట్టింది, బయటికి వచ్చేసింది. ఇలా ఒకదాని పళ్ళు ఇంకోదాని సందుల్లో పడి తిప్పుతుంటే ఆ రెండు గేర్లూ మెష్‌లో ఉన్నాయంటాం. ఒక పన్ను పూర్తిగా విడిపోకముందే తర్వాతి పన్ను అందుకోవాలి. లేకపోతే మధ్యలో పట్టు తప్పి గేర్ కుదుపులతో తిరుగుతుంది.

చిన్నదానికి 20 పళ్ళు, పెద్దదానికి 40 అనుకుందాం. చిన్నది రెండు చుట్లు తిరిగితే పెద్దది ఒక్క చుట్టు, అదీ వ్యతిరేక దిశలో. వేగం సగమైంది కానీ టార్క్, అంటే తిప్పే బలం, దాదాపు రెట్టింపయింది.

[తెర మీద: గేర్ల మీద చుక్కల గీతతో పిచ్ వృత్తాలు.]

పళ్ళున్నంత మాత్రాన ఏ గేర్‌కైనా ఏ గేరూ మెష్ కాదు. పన్ను సైజు కలవాలి. దాన్ని మాడ్యూల్ అంటారు. పళ్ళ ఎత్తుకు దాదాపు మధ్యలో వెళ్ళే ఈ ఊహా వృత్తమే పిచ్ వృత్తం. దాని వ్యాసాన్ని మిల్లీమీటర్లలో తీసుకుని పళ్ళ సంఖ్యతో భాగిస్తే అదే వస్తుంది. మన 40 పళ్ళ గేర్ వ్యాసం 80 మిల్లీమీటర్లయితే మాడ్యూల్ 2. చిన్నదానికీ 2 ఉండాల్సిందే, అంటే దాని వ్యాసం 40. అప్పుడు షాఫ్టుల మధ్య దూరం 60 మిల్లీమీటర్లు. ప్రెజర్ యాంగిల్, అంటే పన్ను పన్నును ఏ కోణంలో నెడుతుందో అది కూడా రెండింటికీ ఒకటే ఉండాలి. ఇప్పుడు ఎక్కువగా వాడేది 20 డిగ్రీలు.

షాఫ్టులను ఇంకాస్త దగ్గరికి జరిపితే పట్టు పెరుగుతుంది కదా అనిపిస్తుంది. జరపకండి! పళ్ళ మధ్య ఆ కొంచెం ఖాళీ కావాలనే వదులుతారు. దాని పేరు బ్యాక్‌లాష్. అది లేకపోతే ఆయిల్ నిలవడానికి చోటుండదు, వేడికి లోహం వ్యాకోచిస్తే గేర్లు బిగుసుకుపోతాయి. మరీ ఎక్కువైతే దిశ మారినప్పుడల్లా టక్కుమని కొట్టుకుంటాయి.

[తెర మీద: క్రౌన్ గేర్ పళ్ళకు రంగు పూస్తున్న చెయ్యి.]

కారు చక్రాలకు శక్తిని పంచే డిఫరెన్షియల్‌లో క్రౌన్ (పెద్ద గేర్), పినియన్ (దాన్ని తిప్పే చిన్న గేర్) సరిగ్గా మెష్ అయ్యాయో లేదో మెకానిక్‌లు ఇలాగే చూస్తారు. క్రౌన్ పళ్ళకు రంగు పూసి తిప్పుతారు. పన్ను నడిమధ్యలో రంగు చెరిగితే సరే. కొన దగ్గర చెరిగితే పినియన్ దూరంగా ఉంది, పన్ను మొదలు దగ్గర చెరిగితే మరీ లోపలికి వచ్చేసింది.

ఇక గేర్‌బాక్స్. ఇక్కడే చాలామంది పొరబడతారు. మాన్యువల్ కారులో ముందుకు వెళ్ళే గేర్ల జతలన్నీ ఎప్పుడూ మెష్‌లోనే ఉంటాయి. దీన్నే కాన్‌స్టంట్ మెష్ అంటారు. ప్రతి జతలో ఒక గేర్ షాఫ్ట్ మీద ఉత్తినే తిరుగుతుంటుంది. మీరు లివర్ కదిపితే షాఫ్ట్‌తో పాటు తిరిగే స్లీవ్ అనే రింగు పక్కకు జరిగి, కావాల్సిన గేర్‌ను షాఫ్ట్‌కు లాక్ చేస్తుంది. అంటే క్లచ్ సరిగ్గా నొక్కనప్పుడు కరకరలాడేది పెద్ద పళ్ళు కాదు, స్లీవూ, అది పట్టుకునే, గేర్ పక్కనుండే చిన్న డాగ్ పళ్ళూ. రెండింటి వేగం కలవకముందే ఢీకొన్నాయన్నమాట. లాక్ అయ్యేముందు ఆ వేగాలను కలిపే ఏర్పాటే సింక్రోమెష్, ఆ పని చేసేది దానిలోని రింగ్.

రివర్స్ మాత్రం వేరు. చాలా మాన్యువల్ కార్లలో దానికి సింక్రోమెష్ ఉండదు. దిశ మార్చడానికి రెండు గేర్ల మధ్యకు ఐడ్లర్ అనే మూడో గేర్ జరిగొచ్చి అప్పటికప్పుడు మెష్ అవుతుంది. బండి ఇంకా కదులుతుండగా రివర్స్ వేశారంటే అప్పుడు నిజంగానే గేర్ పళ్ళే రాసుకుంటాయి.