తల తెగిన బోల్టును బయటికి తీయడం

అందరికీ నమస్కారం. ముందు బల్ల మీదున్న ఆ ముక్కను చేతికి తీసుకొని, ఒకరి తర్వాత ఒకరు చూడండి. పాత పొక్లెయిన్ ఇంజిన్‌లో పొగను బయటికి పంపే ఎగ్జాస్ట్ మానిఫోల్డును ఇంజిన్ పై భాగమైన హెడ్డుకు పట్టి ఉంచే స్టడ్డు అది, అంటే రెండు కొసలా మర ఉండే బోల్టు. ఎం12 సైజు, అంటే 12 మి.మీ. వ్యాసం; మర పిచ్, అంటే ఒక మర చుట్టుకూ ఇంకో చుట్టుకూ మధ్య దూరం, 1.75 మి.మీ. మీ చేతిలో ఉన్నది పై సగం. కింది సగం ఆ స్టాండు మీదున్న హెడ్డులోనే ఉండిపోయింది.

విరిగిన ముఖాన్ని వెలుతురులో పెట్టి చూడండి. ఒక పక్క మూడో వంతు నల్లబడి, గవ్వ మీద గీతల్లా చారలు కనబడతాయి. మిగతా భాగం గరుకుగా మెరుస్తుంది. అంటే ఇది నిన్న విరిగింది కాదు. మానిఫోల్డు వేడెక్కి సాగుతూ, చల్లారి ముడుచుకుంటూ ఉంటే ఎప్పుడో పగులు పుట్టింది. రోజూ కొంచెం కొంచెం పాకి, చివరికి మిగిలిన కండ ఒక్కసారిగా తెగింది. ఇలా విరిగిన స్టడ్డు చాలాసార్లు మీరనుకున్నంత మొండిది కాదు. తల పోగానే బిగింపు పోతుంది, ఇక పట్టుకొని ఉన్నది మర చుట్ల మధ్య తుప్పు ఒక్కటే. సన్న ఉలి మొనను అంచున పెట్టి ఎడమవైపు తిరిగేలా నాలుగు దెబ్బలు వేస్తే కదిలిన సందర్భాలు ఉంటాయి. ముఖం మీద సుడి తిరిగినట్టు గీతలు ఉంటే సంగతి వేరు. విప్పబోయి మెలితిప్పితే తెగిందన్నమాట. బోల్టు ప్రాణం పోయినా మర కదల్లేదు. అసలు కష్టం అక్కడే.

ఇక్కడ చిన్న లెక్క ఉంది. కడ్డీ మెలిక తట్టుకునే శక్తి దాని వ్యాసం ఘనాన్ని బట్టి ఉంటుంది. ఎం12 బోల్టు మర అడుగున దాదాపు 10 మి.మీ. ఉంటుంది. అది తెగిన చోట మీరు రంధ్రం చేసి, 5 మి.మీ. ఈజీ అవుట్, అంటే విరిగిన బోల్టును లోపలి నుంచి పట్టి విప్పే ఎడమ మర పనిముట్టు, దూర్చి తిప్పుతారు. వ్యాసం సగమైతే శక్తి ఎనిమిదో వంతు. ఈజీ అవుట్ ఎంత మంచి ఉక్కుతో చేసినా ఈ తేడాను పూడ్చలేదు. పైగా అది గట్టిది, పెళుసుది కూడా. లోపల టక్కుమని విరిగితే మామూలు డ్రిల్లు దాని మీద గీత కూడా పెట్టదు. అప్పుడు కార్బైడ్ బిట్టయినా కావాలి, కరెంటు నిప్పురవ్వలతో లోహాన్ని తినేసే స్పార్క్ ఎరోజన్ మిషనైనా వెతకాలి. ఇంకో దోషం ఏమిటంటే, సూదిగా ఉండే ఈ పనిముట్టు లోపలికి దిగేకొద్దీ బోల్టు గోడను బయటికి తోస్తుంది. వదులు కావాల్సినదాన్ని మనమే బిగిస్తున్నామన్నమాట. ఈజీ అవుట్ ముందే వదులైన ముక్కకే పనికొస్తుంది, తుప్పు పట్టి మొరాయించినదానికి కాదు.

అందుకని మన గొడవ బోల్టుతో కాదు, తుప్పుతో. కొందరు చిలుము అంటారు, కొందరు జంగు అంటారు. పేరేదైనా, ఇనుము తుప్పయితే అంతకు ముందున్న చోటు కంటే రెట్టింపుకు పైగా ఆక్రమిస్తుంది. మర సందులో చోటెక్కడిది? అందుకే మేకు దిగ్గొట్టినట్టు బిగుసుకుంటుంది. ఈ పట్టును పగలగొట్టడానికి మన చేతిలో ఉన్నవి మూడు: నూనె, దెబ్బ, వేడి.

నూనె సంగతి త్వరగా ముగిస్తాను. బజారులో దొరికే పెనిట్రేటింగ్ ఆయిల్ ఏదైనా సరే. ఆటోమేటిక్ గేర్‌బాక్సుల్లో పోసే ఏటీఎఫ్ నూనె, అసిటోన్ సగం సగం కలిపి వాడేవాళ్లూ ఉన్నారు. ఆ రెండూ విడిపోతాయి కాబట్టి వేసే ప్రతిసారీ డబ్బా కుదపాలి. ఒక్క రాత్రయినా నాననివ్వండి, మధ్యలో మూడు నాలుగుసార్లు మళ్లీ వేయండి. అసిటోన్‌కు మంట ఇట్టే అంటుకుంటుంది. అది తడిగా ఉండగా గ్యాస్ మంట టార్చి దగ్గరికి తేకూడదు. బ్రేక్ క్లీనరు కొట్టిన చోట వెల్డింగ్ అసలే వద్దు. క్లోరిన్ ఉన్న రకమైతే ఆర్క్ వేడికి ఫాస్‌జీన్ అనే విషవాయువు పుడుతుంది.

నూనె వేసి ఊరుకుంటే చాలదు, దెబ్బ కావాలి. కిలో సుత్తితో, మొద్దు పంచ్ పెట్టి, బోల్టు నడినెత్తిన నిలువుగా పదిహేను ఇరవై గట్టి దెబ్బలు వేయండి. సమ్మెట ఎత్తాల్సిన పని లేదు. తుప్పు పెళుసుగా ఉంటుంది కాబట్టి అదురుకు చిట్లుతుంది, ఆ చిట్లిన సందుల్లోకి నూనె దిగుతుంది. పోత ఇనుము అంచుకు మాత్రం దెబ్బ తగలనివ్వకండి, పెచ్చు ఊడుతుంది.

వేడిలో అందరూ చేసే తప్పు ఒకటుంది. టార్చి తీసుకెళ్లి బోల్టు మీదే పెడతారు. బోల్టు ఉబ్బి ఇంకా బిగుస్తుంది. కాల్చాల్సింది చుట్టూ ఉన్న ఇనుమును. 12 మి.మీ. రంధ్రం ఉన్న పోత ఇనుమును 250 డిగ్రీలు వేడెక్కిస్తే రంధ్రం పెరిగేది 0.03 మి.మీ. వెంట్రుక మందంలో సగం, అంతే. అయినా తుప్పు పట్టు విడిపించడానికి అది చాలు. ఎర్రగా కాల్చనక్కర్లేదు. వేడి మీద ఉండగా మర మొదట్లో కొవ్వొత్తి మైనం అద్దండి, కరిగి సందులోకి పీల్చుకుంటుంది. నీళ్లు పోసి చల్లార్చారా, హెడ్డు పగిలినట్టే.

టార్చి వెలిగించే ముందు చుట్టూ ఏముందో చూడండి. గాలి నిండిన టైరున్న చక్రం స్టడ్డును కాల్చకూడదు. లోపలి రబ్బరు ఉడికి వాయువు పుట్టి టైరు బాంబులా పేలుతుంది, మనుషులు పోయారు. గొలుసు బిగించే గ్రీజు సిలిండరు, హైడ్రాలిక్ ఒత్తిడి నిలవ ఉంచే, నైట్రోజన్ నింపిన అక్యుములేటరు, హైడ్రాలిక్ పైపులు పక్కనుంటే మంట మాటే ఎత్తకండి.

ఇప్పుడు నట్టు వెల్డింగ్, అంటే విరిగిన ముక్క మీద నట్టు పెట్టి వెల్డుతో అతికించి, దాన్ని పట్టుకొని తిప్పడం. విరిగిన స్టడ్డుకు మొదట ప్రయత్నించాల్సిన పద్ధతి ఇదేనని నా గట్టి అభిప్రాయం. ఎందుకంటే వేడిని బోల్టులోకి పంపేదీ, తిప్పడానికి కొత్త తల ఇచ్చేదీ ఇదొక్కటే. బోల్టును కాల్చొద్దని చెప్పి ఇప్పుడిలా అంటారేమిటని అడగొచ్చు. నిజమే, ఇక్కడ పని చేసేది వేడి కాదు, చల్లారడం. బోల్టు ఉబ్బబోతుంది, చుట్టూ ఉన్న ఇనుము ఉబ్బనివ్వదు, మెత్తబడ్డ లోహం నలుగుతుంది. చల్లారాక మునుపటి కంటే పిసరంత సన్నబడుతుంది. తుప్పు పట్టు అక్కడ విడుస్తుంది.

బ్యాటరీ నెగటివ్ తీసేయండి, ఇంజిన్‌ను నడిపే ఎలక్ట్రానిక్ పెట్టె ఈసీఎం ఉంటే దాని కనెక్టర్లు కూడా. వెల్డింగ్ కరెంటు తిరిగి వెళ్లే ఎర్త్ క్లాంపు హెడ్డుకే, వెల్డింగ్‌కు జానెడు దూరంలో పెట్టండి. చాసిస్ చివర ఎక్కడో పెడితే కరెంటు బేరింగుల గుండా పోయి వాటిలో గుంటలు పడతాయి. విరిగిన ముఖాన్ని గ్రైండరుతో తెల్లగా చేయండి, నూనె మిగిలితే వెల్డు బుడగలు పోతుంది. జింకు పూత లేని ఎం12 నట్టు తీసుకోండి, పూత ఉంటే గీకేయండి, ఆ పొగ మంచిది కాదు. నట్టు రంధ్రంలోంచి 12 గేజీ, అంటే 2.5 మి.మీ. రాడ్డు దింపి, 80 ఆంపియర్ల దరిదాపులో స్టడ్డు నడిమధ్య ఆర్కు మొదలుపెట్టండి. 7018 రకం వెల్డింగ్ రాడ్డు, తేమ లేకుండా ఆరి ఉంటే మేలు. నడుమ నుంచి అంచుకు తిప్పుతూ నట్టు నిండేదాకా పోయండి.

ముక్క లోపలికి విరిగి ఉంటే ముందు మధ్యలో ఒక్కో చుక్క వెల్డు వేసి, దాని మీద పేరుకునే స్లాగు పెంకును కొట్టేస్తూ పైకి ఎత్తాలి. రంధ్రం గోడకు ఆర్కు తగిలితే పోత ఇనుము అక్కడ గాజులా గట్టిపడుతుంది. ఆ తర్వాత డ్రిల్లు దిగదు.

ఎరుపు పోయేదాకా ఆగండి. వెంటనే పానా వేస్తే మెత్తటి వెల్డు మెలిపడుతుంది. తర్వాత మొదట బిగించే వైపు కొంచెం, ఆ తర్వాత విప్పే వైపు కొంచెం. కిర్రుమంటే ఆగి నూనె వేయండి. పావు చుట్టు వస్తే ఎనిమిదో వంతు వెనక్కి. నట్టు ఊడొస్తే నిరాశ పడకండి, ఇంకోటి వేయండి. ప్రతిసారీ ఆ వేడి, చల్లారడం మనకే లాభం. నాలుగో నట్టుకు వచ్చినా వచ్చినట్టే.

అయినా రాకపోతే డ్రిల్లు. ఇక్కడ చెడేది సెంటరు. స్టడ్డు ఉక్కు గట్టిది, చుట్టూ పోత ఇనుము మెత్తన, బిట్టు మెత్తన వైపుకే జారుతుంది. చేతి కొలతను నమ్మకండి. మానిఫోల్డు ఫ్లాంజి రంధ్రంలో సరిగ్గా కూర్చునే బుష్షు ఒకటి, నడుమ 5 మి.మీ. రంధ్రంతో లేతు మీద చేయించండి. మానిఫోల్డును మిగతా స్టడ్లతో బిగించి, ఆ బుష్షులోంచి కొట్టండి. ఆటోనగర్‌లో చిన్న పని అది, హెడ్డు ధరతో పోలిస్తే లెక్కే కాదు. కోబాల్టు బిట్టు వాడండి. 5 మి.మీ. బిట్టుకు నిమిషానికి 600 చుట్లు, 10 మి.మీ.కు 300 దాటొద్దు. నూనె, నిలకడైన ఒత్తిడి ఉండాలి. కీచుమని అరుస్తుంటే బిట్టు కోయడం లేదు, రుద్దుతోంది, అడుగు గట్టిపడుతోంది. 5, 7, 8.5 అలా పెంచుతూ 10 దగ్గర ఆగండి. మిగిలిన పల్చటి గుల్లను సన్న ఉలితో లోపలికి వంచితే స్ప్రింగు చుట్టలా మర వెంట ఊడొస్తుంది. ఎం12కు ట్యాప్ డ్రిల్లు 10.2, దాన్ని దాటితే పాత మర తెగుతుంది. అలా తెగినా హెలికాయిల్, అంటే కొత్త మర ఇచ్చే తీగ చుట్ట, వేసుకోవచ్చు, కిట్టు మీద రాసిన డ్రిల్లు సైజే వాడండి.

కొత్త స్టడ్డు వేసే ముందు మర కోసే ట్యాప్ పోనిచ్చి, రంధ్రం అడుగున నూనె, రజను లేకుండా గాలి కొట్టండి. అడుగు మూసి ఉన్న రంధ్రంలో నూనె నిలిస్తే బిగించేటప్పుడు అది నలగక పోత ఇనుమునే చీలుస్తుంది. మరకు రాగి యాంటీసీజ్, అంటే మళ్లీ పట్టేయకుండా ఉంచే పేస్టు, పల్చగా రాయండి. అది రాసినప్పుడు ఒట్టి మరకు చెప్పిన టార్కు, అంటే బిగింపు బలం, పెడితే బోల్టు సాగిపోతుంది, సుమారు నాలుగో వంతు తగ్గించండి. స్టడ్డు చేత్తో దిగాలి, బలంగా అడుగుకు గుద్దకూడదు. ఇంజిన్ ఒకసారి బాగా వేడెక్కి పూర్తిగా చల్లారాక నట్లు మళ్లీ చూడాలి.

ఆ హెడ్డులో రెండు స్టడ్లు విరిగి ఉన్నాయి. ఒకటి వెల్డింగ్‌కు, రెండోది బుష్షు పెట్టి డ్రిల్లింగ్‌కు. గ్లవ్స్, వెల్డింగ్ అద్దం పెట్టుకొని ఇటు రండి. ముందు ఎర్త్ క్లాంపు ఎక్కడ పెడతారో మీరే చూపించండి.