చీకటికి కన్ను అలవాటు పడేదాకా

సభకు నమస్కారం.

ఆకాశం చూడాలనుకునేవారికి టెలిస్కోప్ కన్నా ముందు కావలసింది అరగంట చీకటి. దీపాల వెలుగులోంచి బయటికి వచ్చిన కంటికి మొదట నాలుగు చుక్కలే కనిపిస్తాయి. రెటీనాలో రొడాప్సిన్ అనే వర్ణద్రవ్యం మళ్లీ సమకూరడానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. మధ్యలో ఒక్కసారి ఫోన్ తెర చూసినా ఆ నిరీక్షణంతా మొదటికి వస్తుంది. నిలబడి ఓపిక పట్టినవారికి మాత్రం కృత్తికల గుంపు మసకగా మొదలై, ఒక్కొక్క చుక్కగా విడివడుతుంది.

కెమెరాకూ ఇదే ఓర్పు కావాలి. భూభ్రమణం వల్ల నక్షత్రాలు గంటకు 15 డిగ్రీల చొప్పున జరుగుతున్నట్టు కనిపిస్తాయి కనుక, ట్రైపాడ్ మీద నిలిపిన కెమెరాలో ఎక్స్‌పోజర్, అంటే కెమెరా వెలుగును లోనికి తీసుకునే వ్యవధి, కొంత సమయం దాటితే చుక్క గీతగా సాగిపోతుంది. 20 మిల్లీమీటర్ల లెన్స్‌తో సుమారు 25 సెకన్లే మనకు దక్కుతాయి. ఆ కొద్దిపాటి వెలుగు చాలదు కాబట్టి, అదే దృశ్యాన్ని పదేపదే తీసి, నక్షత్రాలను సరిచూసి ఫొటోలను ఒకదానిపై ఒకటి పేర్చుతాం. దీన్నే స్టాకింగ్ అంటారు. నక్షత్రపు వెలుగు ప్రతి ఫొటోలోనూ తన చోటనే ఉంటుంది, నాయిస్, అంటే ఫొటోలో ఇసుక చల్లినట్టు కనిపించే మచ్చలు, ఒక్కోసారి ఒక్కో తీరుగా పడుతుంది. అందువల్ల 100 ఫొటోల సగటు తీస్తే నాయిస్ దాదాపు పదో వంతుకు తగ్గి, విడిగా ఏ ఫొటోలోనూ ఆనవాలు తెలియని ధూళిమేఘాలు బయటపడతాయి. కంటికి కనబడకపోయినా ఆ మేఘం తొలి ఫొటోలోనే ఉంది. నా విశ్వాసానికి ఇంతకన్నా దగ్గరి పోలిక నాకు మరొకటి దొరకలేదు.

ఒక చలిరాత్రి ఆండ్రోమెడా గెలాక్సీని మూడు గంటలపాటు తీశాను. ఇంటికి వచ్చి చూసుకుంటే, తొలి అరగంట తరువాత ప్రతి చుక్క చుట్టూ పాలిపోయిన వలయమే. లెన్స్ మీద మంచు పట్టిందని గమనించనే లేదు. మర్నాటి నుంచి మబ్బులు, ఆపై వెన్నెల, చివరికి అమావాస్య దాకా ఆగవలసి వచ్చింది. ఆ రోజుల్లో బాధపడ్డాను. అయితే, నేను అందుకోవాలనుకున్న వెలుగు దాదాపు 25 లక్షల సంవత్సరాలు ప్రయాణించి వచ్చినదని తలచుకున్నప్పుడల్లా మనసు నెమ్మదించేది. ఇప్పుడు కాసేపటికోసారి సన్నని ఎర్రదీపంతో లెన్స్ అద్దం మీద మంచు పట్టిందేమో చూసుకుంటాను.

నమ్మకం అనగానే నాకు ఖగోళ శాస్త్రవేత్త ఎడ్మండ్ హేలీ గుర్తుకొస్తాడు. 1531, 1607, 1682లలో కనిపించినది ఒకే తోకచుక్క అని లెక్కగట్టి, అది 1758లో తిరిగి వస్తుందని ఆయన చెప్పాడు. తాను 1656లో పుట్టినవాడు. ఆ రాకను చూడటం తన ఆయుష్షుకు అందేది కాదని ఎవరికన్నా ఆయనకే బాగా తెలిసి ఉండాలి. 1742లో కన్నుమూశాడు. 1758 డిసెంబరు 25 రాత్రి తోకచుక్క కనిపించింది.

అది మళ్లీ 2061 జూలైలో సూర్యుని చేరువకు వస్తుంది. నేను చూస్తానో లేదో తెలియదు. ఈ సభలో కూర్చున్న పిల్లలు ఆ సంవత్సరాన్ని ఈ రాత్రే ఎక్కడైనా రాసిపెట్టుకోవాలని కోరుతున్నాను.