పొగ దారి మెట్లదారే

అందరికీ నమస్కారం. మన అపార్ట్‌మెంట్ అసోసియేషన్ వాళ్లు నన్ను మంటల గురించి మాట్లాడమన్నారు. నేను ఎక్కువగా పొగ గురించే చెబుతాను. 2022 సెప్టెంబరు 12 రాత్రి సికింద్రాబాద్‌లో జరిగింది మీకు గుర్తుండే ఉంటుంది. కింద ఎలక్ట్రిక్ బైకుల షోరూమ్, పైన హోటల్. మంట పుట్టింది కింద, ప్రాణాలు పోయింది పైన. మెట్లదారి పట్టుకుని పొగ అంతస్తులన్నీ ఎక్కింది. తట్టుకోలేక కొందరు కిటికీల్లోంచి దూకారు. 8 మంది చనిపోయారు. మళ్లీ 2023 మార్చి 16న, అదే సికింద్రాబాద్‌లో, స్వప్నలోక్ కాంప్లెక్స్. అక్కడ ఊపిరాడక పోయిన ఆరుగురూ చిన్న వయసు వాళ్లే.

హాల్లో సోఫా అంటుకుందనుకోండి. వేడి పొగ నేరుగా లేచి సీలింగ్‌కు తగులుతుంది, పక్కలకు పరుచుకుంటుంది, గోడలు అడ్డొచ్చాక కిందికి దిగుతుంది. నిలబడితే తల పొగలో ఉంటుంది. నేలకు దగ్గరగా మాత్రం కాసేపు గాలి, కొంచెం చూపు మిగులుతాయి. పాకుతూ బయటికి రమ్మనేది అందుకే. పైన చేరిన పొగ 500, 600 డిగ్రీలకు వచ్చిందంటే ఆ సెగకే పరుపులు, కర్టెన్లు ఆవిర్లు వదులుతాయి. మంట తగలకుండానే గదిలో ఉన్నవన్నీ దాదాపు ఒకేసారి భగ్గుమంటాయి. దీన్ని ఫ్లాష్‌ఓవర్ అంటారు. ఆ గదిలో ఇంకా మనిషి ఉంటే బతకడం కష్టం. ఫోమ్, ప్లాస్టిక్ నిండిన ఇప్పటి ఇళ్లలో ఇది కొద్ది నిమిషాల పని.

తలుపులన్నీ మూసున్న గదిలో కథ వేరు. మామూలు గాలిలో ఆక్సిజన్ 21 శాతం. అది 15 దగ్గరికి పడితే మంట నీరసిస్తుంది, చూసేవాళ్లు ఆరిపోయిందనుకుంటారు. పొగలో మాత్రం కాలాల్సింది ఇంకా బోలెడు ఉంటుంది, వేడీ ఉంటుంది. అప్పుడెవరైనా తలుపు తీస్తే గాలి లోపలికి దూరి, పేలినట్టు మంట మొహం మీదికి వస్తుంది. ఇది బ్యాక్‌డ్రాఫ్ట్. ఏ తలుపైనా తీసేముందు చేతి వెనకవైపుతో తాకి చూడండి. వేడిగా ఉంటే తీయకండి.

పొగలో ఉండే విషవాయువు కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ లేదు, వాసనా లేదు. రక్తంలో ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా అతుక్కుంటుంది. నిద్రలో ఉన్నవాళ్లు చాలాసార్లు లేవనే లేవరు. పొగ వాసనకి మెలకువ వస్తుందిలే అని ధీమాగా ఉండొద్దు. స్మోక్ అలారం పెట్టించుకోండి, ఖర్చు పెద్దదేం కాదు.

ఇక మన బిల్డింగు. నేను పైకి వస్తూ చూశాను, మెట్ల దగ్గరి ఫైర్ డోర్లకు ఇటుకలు అడ్డం పెట్టారు. గాలాడటానికట! ఆ తలుపు మూసుంటే మెట్లదారి పొగ లేకుండా ఉంటుంది. తెరిచుంటే అదే పొగగొట్టం. మంట నుంచి బయటపడేటప్పుడు కూడా మీ వెనక తలుపు లాగేసి రండి, తాళం మాత్రం వేయకండి. లిఫ్ట్ జోలికి పోకండి. మెట్లలో అప్పటికే పొగ నిండి ఉంటే ధైర్యం చేసి దిగొద్దు. ఇంట్లోనే ఉండి, తలుపు కింది సందులో తడిగుడ్డ కుక్కి, బాల్కనీలోకి వెళ్లి తలుపు మూసుకోండి. 101కి ఫోన్ చేసి ఏ ఫ్లోరో, ఏ ఫ్లాటో చెప్పండి.

సెల్లార్‌లో స్కూటర్లు సరిగ్గా మెట్ల మొదట్లోనే ఛార్జింగ్‌కు పెడుతున్నారు. సెక్రటరీ గారూ, ఆ పాయింట్లు ఎక్కడికి మార్చొచ్చో ఇప్పుడే కిందికెళ్లి చూద్దాం. ప్రశ్నలు అక్కడే అడగండి.