నాన్నకి ముందే వినిపించిన డకోటా

అధ్యక్షులకి, వేదిక మీదున్న పెద్దలకి, ఎదురుగా కూర్చున్న మిత్రులందరికీ నమస్కారం. పిలిచిన కార్యదర్శిగారికి కృతజ్ఞతలు. పిల్లల్ని కూడా వెంటబెట్టుకొచ్చిన వాళ్ళకి మరీ మరీ కృతజ్ఞతలు.

నాకిచ్చిన అంశం: కుటుంబంతో ఒక రోజు, పక్షులూ పాత సైనిక విమానాలూ. ఏ పక్షుల్ని చూడొచ్చు, ఏ విమానాల్ని చూడొచ్చు, వెంట ఏం తీసుకెళ్ళాలి అని మూడు భాగాలుగా రాసుకొచ్చాను. మొదటిది మొదలుపెడతాను.

ఈ రెండింటికీ ఏం సంబంధం అని చాలామంది అడుగుతారు. స్పిట్‌ఫైర్, హరికేన్, లాంకాస్టర్ అనే బ్రిటిష్ యుద్ధ విమానాల్లో పెట్టిన మెర్లిన్ ఇంజన్ పేరు విన్నారు కదా. అది కథల్లోని మాంత్రికుడి పేరు కాదు. మెర్లిన్ అంటే ఒక చిన్న డేగ. రోల్స్ రాయిస్ వాళ్ళు ఆ రోజుల్లో పిస్టన్ ఇంజన్లకి వేటపక్షుల పేర్లు పెట్టేవారు: కెస్ట్రెల్, బజర్డ్, పెరెగ్రిన్, వల్చర్, గ్రిఫన్. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ రాడార్ తెరల మీద ఏమిటో తెలియని గుర్తులు కనిపించేవి. ఆపరేటర్లు వాటిని 'ఏంజెల్స్' అన్నారు. డేవిడ్ లాక్ అనే పక్షి శాస్త్రవేత్త అప్పుడు సైన్యం తరఫున రాడార్ పనిలో ఉన్నారు. అవి పక్షులేనని ఆయనా, జార్జ్ వార్లీ అనే మరో శాస్త్రవేత్తా కలిసి 1945లో ప్రచురించారు. శత్రువు కోసం వెతికే యంత్రానికి పక్షులు దొరికాయి. ఇది తలుచుకున్నప్పుడల్లా నాకు ఒళ్ళు పులకరిస్తుంది.

రెండో భాగంలో విమానాల జాబితా ఉంది. దాన్ని పక్కన పెడుతున్నాను. మా నాన్న గురించి చెప్పకుండా ఆ జాబితా చదవడం నా వల్ల కాదు.

నాన్న పిస్టన్ ఇంజన్ల మెకానిక్. పనిచేసినన్నాళ్ళూ ఆయన చేతులకి ఆయిల్ వాసన పోలేదు. ఇప్పుడు వినికిడి బాగా తగ్గింది. పోయిన ఏడాది ఒక పాత ఎయిర్‌ఫీల్డ్‌లో విమానాల ప్రదర్శన ఉందంటే ఆయన్ని, నా కూతుర్ని తీసుకుని బయల్దేరాను. ప్రదర్శన పదకొండు గంటలకి. మేం ఆరున్నరకే చేరాం, పక్షులు చూద్దామని. నాన్న కారు దిగలేదు. "నాకేం వినపడదులేమ్మా, మీరు వెళ్ళి రండి" అన్నారు. నేను సరేనన్నాను. కారు అద్దాలు కాస్త దించి, నీళ్ళ సీసా ఇచ్చి వెళ్ళిపోయాను. గంటన్నర ఆయన అక్కడే కూర్చున్నారు. ఆయనకి ఆసక్తి లేదనుకున్నాను. నాకు వినపడదు అని ఆయన చెబితే, నాకు అక్కర్లేదు అన్నట్టు విన్నది నేను. ఆ తప్పు నాది.

వయసు పెరిగితే ముందుగా పోయేది సన్నటి, పై స్థాయి శబ్దాలు. చిన్న పిట్టల కూతలు చాలావరకు అక్కడే ఉంటాయి. అందుకే పెద్దవాళ్ళకి పొదలన్నీ నిశ్శబ్దమైపోతాయి. పిట్టలు లేవనుకుంటారు, లేదా తమకిక అక్కడ పని లేదనుకుంటారు.

మేం తిరిగొచ్చేసరికి నాన్న కారు బయట నిలబడి పైకి చూస్తున్నారు. రన్‌వే అంచున, గడ్డికి పైన గాల్లో, ఒక కెస్ట్రెల్ డేగ గాలికి ఎదురుగా ఆగి ఉంది. రెక్కలు కొట్టుకుంటున్నాయి, తోక విప్పుకుని ఉంది, తల మాత్రం మేకు కొట్టినట్టు కదలడం లేదు. పాప బైనాక్యులర్ ఇచ్చింది. ఆయన చాలాసేపు చూసి, "అమ్మలూ, రెక్క ముందు అంచున చిన్న ఈక లేచింది చూడు, బొటనవేలిలా. అది స్లాట్!" అన్నారు. నెమ్మదిగా ఎగిరేటప్పుడు రెక్క మీది గాలి చెదిరిపోకుండా ఆ ఈకలు పట్టి ఉంచుతాయి. ప్రదర్శనకి వచ్చిన టైగర్ మాత్ అనే పాత విమానానికి ఒకదాని మీద ఒకటిగా రెండు వరసల రెక్కలు. పై రెక్కకి అలాంటి స్లాట్లే ఉన్నాయి, అంటే ముందు అంచున తెరుచుకునే సందులు. వేగం తగ్గితే వాటంతటవే తెరుచుకుంటాయి. తర్వాత ఆయన దాని దగ్గరికి తీసుకెళ్ళి చూపించారు. పక్షి పుస్తకాలు ఇన్నేళ్ళుగా చదువుతున్నాను, ఆ ఈకని నేను ఒక్కసారి కూడా గమనించలేదు.

ఇక ప్రదర్శన. ఇక్కడే నాకు కోపం వస్తుంది, క్షమించండి. కంచె దగ్గర నాన్న కుర్చీ వేసుకుని కూర్చుంటే, ఒక కార్యకర్త వచ్చి పెద్దవాళ్ళకి వెనక టెంట్ ఉంది, అక్కడ నీడగా ఉంటుంది అన్నాడు. మర్యాదగానే అన్నాడు. కానీ ఆ టెంట్‌లోంచి ఆకాశం కనపడదు! నీడ అడిగినవాళ్ళకి నీడ ఇవ్వండి. ఆకాశం కోసం వచ్చినవాళ్ళని టెంట్ కిందకి పంపకండి. మేం కదల్లేదు.

కాసేపటికి నాన్న చెయ్యి ఎత్తారు. "వస్తోంది. రెండు ఇంజన్లు. రేడియల్" అన్నారు. ఎవరికీ ఏమీ వినపడలేదు, లౌడ్‌స్పీకర్‌లో వ్యాఖ్యానం నడుస్తోంది. నాన్న అరచెయ్యి కుర్చీ ఇనప చేతి మీద ఉంది. మరో నిమిషానికి చెట్ల పైనుంచి డకోటా అనే పాత సైనిక విమానం వచ్చింది. రేడియల్ అంటే సిలిండర్లు చక్రం ఆకుల్లా గుండ్రంగా అమర్చిన ఇంజన్. దీనిలో ఒక్కో ఇంజన్‌కి 14 సిలిండర్లు. నిమిషానికి 2,000 చుట్లు తిరిగితే సెకనుకి 230కి పైగా పేలుళ్ళు. అంత బరువైన శబ్దం, సన్నటి కూతల్లా దారిలో కరిగిపోదు. నాన్న చెవి దాన్ని పోగొట్టుకోలేదు.

"ఇది బాంబులు వేసేదా తాతయ్యా?" అని పాప అడిగింది. సైనికుల్నీ సరుకుల్నీ గాయపడ్డవాళ్ళనీ మోసేదని, 1948లో బెర్లిన్‌కి దారులు మూసేస్తే తిండి మోసినవాటిలో ఇదీ ఉందని చెప్పారు. విమానం దిగి, ఇంజన్లు ఆగి, జనం తగ్గాక మళ్ళీ స్టార్ట్ చేసే ముందు ప్రొపెల్లర్‌ని చేత్తో ఎందుకు తిప్పుతున్నారో చెప్పారు. ఆగి ఉన్న రేడియల్ ఇంజన్‌లో ఆయిల్ కింది సిలిండర్లలోకి దిగుతుంది. తిప్పి చూడకుండా స్టార్ట్ చేస్తే లోపల రాడ్ వంగిపోవచ్చు. చుట్టూ ఏడెనిమిది మంది పిల్లలు చేరారు. మైకులో చెప్పినదాన్ని ఎవరూ వినలేదు.

సాయంత్రం కారు దగ్గర కంచె పక్క పొదలో ఏదో చిన్న పిట్ట కూస్తోంది. నాన్న పాప ముఖం చూసి, "ఏమంటోంది?" అని అడిగారు. పాప ఆయన అరచెయ్యి తెరిచి, వేలితో ఆ కూత దరువు వేసింది. మూడు త్వరగా, ఒక్కటి ఆగి, మళ్ళీ మూడు. నాన్న కళ్ళు మూసుకున్నారు. పిట్ట ఆగినప్పుడు పాప వేలూ ఆగింది.

మూడో భాగం వెంట ఏం తీసుకెళ్ళాలన్నది. నా దగ్గర ఇప్పుడు ఒకటే ఉంది. కారులో కూర్చోబెట్టిన మనిషిని దింపండి. మన సంఘం నడకలు నాలుగు కిలోమీటర్లుంటున్నాయి. వచ్చే నెల ఒక్కసారి అర కిలోమీటరే పెడదాం, మిగతా సమయం ఒక చోట కూర్చుందాం. మడత కుర్చీలు నాలుగు నేను తెస్తాను, ఇంకా ఆరు కావాలి. ఎవరి ఇంట్లో ఉన్నాయో సభ అయ్యాక నాకు చెప్పండి. నాన్న ఇక్కడే, మూడో వరసలో కూర్చున్నారు. ఆయనతో మాట్లాడాలంటే ఎదురుగా నిలబడి, కాస్త నెమ్మదిగా మాట్లాడండి.