బాంబో రాళ్ల దగ్గర సూర్యోదయం: వెనక్కి వెళ్లే అల కోసం

అందరికీ నమస్కారం. టైమ్ తెల్లవారుజామున నాలుగుంబావు. సిడ్నీలో జూన్ చలి గట్టిగానే ఉంది. వెంట్‌వర్త్‌విల్ నుంచి బయలుదేరాం. మా ఆయన డ్రైవింగ్, నా ఒళ్లో కెమెరా బ్యాగు, కాళ్ల దగ్గర ఫ్లాస్కులో అల్లం టీ. వెళ్తున్నది సూర్యోదయం ఫొటో తీయడానికి, కయామా ఊరి పక్కన సముద్రంలోకి చొచ్చుకొచ్చిన బాంబో హెడ్‌ల్యాండ్‌కి, అంటే సిడ్నీకి దక్షిణంగా దాదాపు 120 కిలోమీటర్లు. బాంబో స్టేషన్ బీచ్ పక్కనే ఉంటుంది, పగలైతే హాయిగా ట్రైన్‌లో రావచ్చు. మేం చీకటి ఉండగానే చేరాలి కాబట్టి కారు తీశాం.

ఈ రోజుల్లో ఇక్కడ సూర్యోదయం ఏడింటికి. అసలు రంగులు మాత్రం అంతకు అరగంట ముందే వచ్చి వెళ్లిపోతాయి. సూర్యుడు కనిపించాక కెమెరా తీస్తే సగం పండగ అయిపోయినట్టే. అందుకే ఆరింటికల్లా అక్కడుండాలి.

వచ్చేశాం. టార్చ్ వెలుగులో చూడండి, ఈ నల్లటి స్తంభాలు ఎవరో చెక్కి వరసగా నిలబెట్టినట్టు లేవూ? సుమారు 26 కోట్ల ఏళ్ల కిందట పారిన లావా చల్లారుతూ కుంచించుకుపోయి, ఇలా నిలువు స్తంభాలుగా చీలింది. తర్వాత ఇక్కడ క్వారీ పెట్టారు. రోడ్లకీ రైలు పట్టాలకీ ఇక్కడి రాయిని కంకరగా కొట్టి తీసుకెళ్లారు. మధ్యలోది తవ్వేసినా సముద్రం వైపు గోడను మాత్రం వదిలేశారు. మనం చూడ్డానికి వచ్చింది ఆ మిగిలిన గోడనే. ఇంకో సంగతి, ఈ రాయి పుట్టినప్పుడు భూమి అయస్కాంత దిశ ఇప్పటితో పోలిస్తే తిరగబడి ఉండేది. అలా తిరగబడి ఉన్న ఆ సుదీర్ఘ కాలానికి శాస్త్రవేత్తలు ఈ ఊరి పేరే పెట్టారు, కయామన్ అని. అంత వయసున్న రాయి మీద చెయ్యి వేస్తే మంచులా చల్లగా తగిలింది.

కిందికి దిగే ముందు ఒక మాట. దయచేసి వినండి. రాళ్ల మీద నిలబడినవాళ్లను అలలు లాక్కెళ్లడం ఈ తీరంలో కొత్తేమీ కాదు. నిన్న రాత్రే వాతావరణ శాఖ సైట్‌లో అల ఎత్తు చూసుకున్నాను, మీటరున్నర లోపే ఉంది. రెండు మీటర్లు దాటితే నేను కింది బండల మీదకి దిగను. ఇక్కడికి వచ్చాక కూడా ఇరవై నిమిషాలు పైనే నిలబడి చూశాం. అలలన్నీ ఒకేలా రావు. చాలాసేపు చిన్నవి వచ్చి, ఉన్నట్టుండి మూడు నాలుగు పెద్దవి వరసగా వస్తాయి. ఆ పెద్దవి ఎక్కడిదాకా తడిపాయో గుర్తుపెట్టుకుని, దానికి బాగా పైన నిలబడాలి. సముద్రానికి వీపు పెట్టకూడదు. నేను కెమెరాలోకి చూస్తున్నంతసేపూ మా ఆయన పని అదే, అలల్ని చూస్తూ ఉండటం.

ఇప్పుడు ఫ్రేమ్. ఎడమ వైపు స్తంభాలు, కుడి వైపు ఖాళీ ఆకాశం, ముందు ఒక పలక బండ, దాని పక్కనుంచి నీళ్లు పోయే సన్నటి సందు. ముందు ట్రైపాడ్ బాగా కిందికి పెట్టాను. అప్పుడు ఫ్రేమ్‌లో బండ కొన వెళ్లి, దూరాన ఆకాశాన్ని కలిసే సముద్రపు అంచుకి సరిగ్గా తగిలింది. ఆ రెండూ తగిలితే ఫొటోలో లోతు పోతుంది, రాయి దూరంగా ఉన్న నీటికి అతికించినట్టుంటుంది. ట్రైపాడ్ కాళ్లు ఒక జానెడు పెంచాను. మధ్యలో నీళ్లు కనిపించాయి, ఫ్రేమ్ ఊపిరి పీల్చుకుంది.

లెన్స్ 16 మిల్లీమీటర్లు, అంటే బాగా వెడల్పుగా చూపించేది. వెలుగు వచ్చే రంధ్రం ఎఫ్ 11, అంటే చిన్నది. ఫోకస్ ఒకటిన్నర మీటర్ల దూరంలో ఉన్న రాయి మీద. దగ్గరి రాయి నుంచి ఆకాశం దాకా అంతా స్పష్టంగా వస్తుంది. ట్రైపాడ్ మీద ఉంది కాబట్టి అదురు తగ్గించే స్టెబిలైజేషన్ ఆఫ్. చేతి అదురు కూడా పడకుండా రెండు సెకన్ల టైమర్.

ఇక అల. చాలామంది అల బండని కొట్టగానే క్లిక్ చేస్తారు. అప్పుడు వచ్చేది తెల్లటి నురగ ముద్ద. నాకు కావాల్సింది ఆ తర్వాతది. బండ మీదకి ఎక్కిన నీళ్లు సందులోంచి వెనక్కి జారేటప్పుడు నురగ గీతలు గీసుకుంటూ వెళ్తుంది. ఆ గీతలు చూసేవాళ్ల కంటిని ముందున్న రాయి నుంచి సూర్యుడు వచ్చే చోటుదాకా తీసుకెళ్తాయి. "ఆగు, ఆగు... ఇప్పుడు వెనక్కి వెళ్తోంది," అని మా ఆయన చెప్పడం, నేను నొక్కడం. ఆరూ ముప్పై అయిదుకి ఆకాశం మొత్తం దానిమ్మ గింజల రంగు. ఐఎస్ఓ, అంటే వెలుగుకి కెమెరా ఎంతగా స్పందించాలో చెప్పే అంకె, 100 పెట్టి షట్టర్ రెండు సెకన్లు తెరిచి ఒకటి, 400 పెట్టి అర సెకను తెరిచి ఒకటి, రెండూ తీశాను. ఆకాశం కోసం వెలుగు తగ్గించి విడిగా ఇంకొకటి. ప్రతి రెండు ఫొటోలకీ లెన్స్ తుడవాలి, ఉప్పు తుంపర కంటికి కనిపించదు. పోయినసారి తుడవకపోతే ఇంటికెళ్లాక ప్రతి ఫొటోలో సూర్యుడి చుట్టూ మచ్చలే.

ఇల్లు చేరాక ట్రైపాడ్ కాళ్లని మంచినీళ్లతో కడిగి, ఉప్మా తిని, కంప్యూటర్ ముందు కూర్చున్నాను. ముందు రెండు సెకన్ల ఫొటో తెరిచాను. ఆకాశం ఒక ఫైల్‌లోంచి, రాళ్లు ఇంకోదాంట్లోంచి తీసుకుని కలిపాను. రంగుల్ని తనంతట తనే సరిచేసే ఆటో వైట్ బ్యాలెన్స్ ఆ ఎరుపుని చప్పబరిచేసింది, చేత్తో సరిచేశాను. చీకటి భాగాలకి వెలుగు పెంచే షాడోస్ స్లైడర్ మాత్రం కొంచెమే కదిపాను. పూర్తిగా పెంచితే స్తంభాలు సిమెంటు రంగులోకి మారిపోతాయి. నల్లరాయి నల్లగానే ఉండాలి. తడి అంచుల మీద మాత్రం బ్రష్‌తో కాస్త వెలుగిచ్చాను, అక్కడ ఆకాశపు రంగు సన్నగా మెరుస్తోంది.

మధ్యాహ్నం రెండింటికి, అక్కడ వైజాగ్‌లో తొమ్మిదిన్నర, అమ్మ వీడియో కాల్ చేసింది. ఫొటో అప్పటికే పంపాను. కళ్లజోడు పెట్టుకుని పెద్దది చేసి చూసింది.

"రాళ్లు బాగున్నాయే. ఈ తెల్లటివి నీళ్లేనా? ముగ్గు వేసినట్టున్నాయి. కానీ పిండి ఎక్కువ పడిందే అమ్మా, గీత మొద్దుగా వచ్చింది."

ఫోన్ పెట్టేసి మళ్లీ చూశాను. నిజమే. రెండు సెకన్లలో గీతలన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి పాలు ఒలికినట్టున్నాయి. అర సెకను ఫొటో తెరిస్తే ఏ గీతకి ఆ గీత విడివిడిగా, సన్నగా, సందు మలుపు దగ్గర వంపు తిరిగి కనిపిస్తోంది. చేసిన పనంతా పక్కన పెట్టి, దాంతో మొదటినుంచీ మొదలుపెట్టాను. మీకు ఇప్పుడు స్క్రీన్ మీద కనిపిస్తున్నది అదే.