11 ఇంచుల ట్యాబ్ రివ్యూ: దోస్తుల గ్రూప్ పక్కన పెట్టుకుని డ్రామా చూడొచ్చా?

హాయ్ అందరికీ నమస్తే, ఫస్ట్ పైసల ముచ్చట చెప్పేస్తా. ఈ ట్యాబ్ నేను కొనలే, కంపెనీ వాళ్ళు పంపిండ్రు, వీడియో అయినంక మళ్ళీ కొరియర్‌లో వాళ్ళకే పోతది. నాకు పైసలేం ఇయ్యలే, వీడియో ముందుగాల చూపించమని కూడా అడగలే, కాకపోతే కింద లింక్ నుంచి కొంటే నాకు కొంచెం కమిషన్ వస్తది. ఫ్రీగా వచ్చిందైతే చెప్పాలని యాడ్‌ల మంచిచెడ్డలు చూసే ఆస్కీ వాళ్ళు 2021లనే రూల్ పెట్టిండ్రు, రూల్ లేకున్నా చెప్పేదాన్నే, ఎందుకంటే చెప్పకపోతే మీరే కామెంట్స్‌లో "అక్కా ఎంత ముట్టింది" అని అడుగుతరు కదా.

ఇగ స్పెక్స్ జోలికి పోను. ప్రాసెసర్, ర్యామ్, ఎంఏహెచ్, అవన్నీ ఈపాటికి పది వీడియోల్లో చూసే ఉంటరు. నాకు కావాల్సింది ఒక్కటే. రాత్రిపూట పనులన్నీ అయినంక పక్కకెక్కి ఒక దిక్కు కొరియా డ్రామా, ఇంకో దిక్కు మా దోస్తుల చాట్ గ్రూప్. రెండూ ఒకేసారి, రెండూ మంచిగ నడవాలి. అంతే.

మా గ్రూప్ గురించి పాత సబ్‌స్క్రైబర్లకు తెలుసు, కొత్తోళ్ళ కోసం జర చెప్తా. మేమంతా అమీర్‌పేట్‌ల హాస్టల్‌ల ఉన్నోళ్ళం, కోర్సులు చేసుకుంట. ఇప్పుడు ఒకామె కూకట్‌పల్లి, ఒకామె నిజామాబాద్, ఒకామె డల్లాస్, నేను ఉప్పల్. పొద్దున లేస్తే గ్రూప్‌ల ఏముంటది, "నల్లా రాలేదు, ట్యాంకర్ బుక్ చేసిన", "ఇయ్యాల టమాట కిలో ఎంతనో చూసిండ్రా", "మా వోనికి జ్వరం, స్కూల్‌కి పంపాలా వద్దా", ఎవరో ఒకరు పేపర్ కటింగ్ ఫొటో తీసి పెడ్తరు, దాంట్ల ఒక ముక్క మసకగ ఉంటది, ఆ ముక్కలనే అసలు వార్త ఉంటది. రాత్రి తొమ్మిది దాటిందంటే వేరే లోకం. "ఈ డ్రామా చూడుండ్రి, ఫస్ట్ రెండు ఎపిసోడ్లు బోర్ అన్పిస్తది, మూడో దాంట్ల పట్టుకుంటది" అని మొదలుపెడ్తరు. ఆన్‌లైన్‌ల స్టార్ రేటింగ్ చూసి నేనెప్పుడూ ఏదీ స్టార్ట్ చెయ్యలే, వీళ్ళు చెప్తేనే. నిజామాబాద్ పిల్ల "బాగుంది" అంటే ఏడుపు గ్యారంటీ, కూకట్‌పల్లి అక్క "బాగుంది" అంటే దాంట్ల తిండి సీన్లు మస్తు ఉంటయి.

సరే ట్యాబ్. స్ప్లిట్ స్క్రీన్, అంటే ఒకే స్క్రీన్‌ల రెండు యాప్‌లు. యాడ్‌ల ఎట్ల చూపిస్తరు, ట్యాబ్‌ని అడ్డంగ పట్టుకుని ఎడమ పక్క సినిమా, కుడి పక్క చాటింగ్, ఒక అమ్మాయి నవ్వుకుంట కాఫీ తాగుతది. నేను కూడా గట్లనే పెట్టిన. పెట్టి చూస్తే వీడియో ఇంత చిన్నగ ఉంది, పైనా కిందా అంతా నలుపు. డౌట్ వచ్చి మా పాప స్కేల్ తెచ్చి కొలిచిన. సగం సగం పెడితే వీడియో వెడల్పు 12 సెంటీమీటర్లు కూడా లేదు, ఎత్తు 6.7. మీ చేతిల 6.7 ఇంచుల ఫోన్ ఉంటే దాన్ని అడ్డంగ తిప్పి డ్రామా పెట్టి కొలువుండ్రి, వీడియో వెడల్పు దాదాపు 12.4 సెంటీమీటర్లు వస్తది. అంటే ఇరవై వేలు పెట్టి ట్యాబ్ కొని ఫోన్ కన్నా చిన్న బొమ్మ చూస్తున్నట్టు! ఇది ఈ కంపెనీ తప్పు కాదు, 11 ఇంచుల 16:10 (వెడల్పుకి ఎత్తుకి ఉన్న లెక్క) స్క్రీన్ ఏదైనా ఇంతే, డ్రామా 16:9ల ఉంటది కాబట్టి ఆ సగంల ఇరుక్కుంటది.

ఇప్పుడు ఇది చూడుండ్రి. నిలువుగ తిప్పిన. డ్రామా పైన, గ్రూప్ కింద. వీడియో వెడల్పు ఎంత, 14.8. ఎత్తు 8.3. కింద ఇంకా 15 సెంటీమీటర్లు ఖాళీ, కీబోర్డ్ తెరుచుకున్నా పైన వీడియోని ముట్టుకోదు, మెసేజ్‌లు నాలుగైదు కనిపిస్తనే ఉంటయి. ఈ ఒక్క తిప్పుడు ఏ రివ్యూల చెప్పలేదు, యాడ్‌ల అస్సలే చూపియ్యలే. నాకైతే ట్యాబ్ అంటే ఇదీ అన్పించింది. మా డల్లాస్ ఆమె ఒకటి రాస్తది, నేను రిప్లై కొడ్తున్నా, పైన హీరో తల్లి హీరోయిన్ ముందు కవర్‌ల పైసలు పెట్టి "నా కొడుకుని వదిలెయ్" అంటున్నది, ఒక్క సీన్ మిస్ కాలే. పేపర్ కటింగ్‌లు కూడా దీంట్ల జూమ్ చెయ్యకుండనే చదివేసిన.

పాత రోజులు యాదికొచ్చినయి. హాస్టల్‌ల ఒక్కరికే లాప్‌టాప్ ఉండేది, పెన్‌డ్రైవ్‌ల డ్రామాలు ఒక రూమ్ నుంచి ఇంకో రూమ్‌కి తిరిగేటివి. సబ్‌టైటిల్ ఫైల్ వేరేగ ఉండేది, మనిషి మాట్లాడి అయిపోయినంక అక్షరాలు వచ్చేటివి. వీఎల్‌సీ ప్లేయర్‌ల జీ, హెచ్ బటన్లు నొక్కితే సబ్‌టైటిల్ 50 మిల్లీ సెకండ్లు ముందుకు వెనక్కి జరుగుతది కదా, నా ఉద్యోగం అదే, ఎపిసోడ్ మొదట్ల కూసొని టకటక నొక్కుడు. అందరం ఒకే మంచం మీద, ఒకే టైమ్‌ల ఏడ్చేది. ఇప్పుడు ఆ మంచం ఈ కింది సగం స్క్రీన్‌ల ఉంది, గందుకే దీని మీద ఇంత లొల్లి చేస్తున్నా.

ఇంతకుముందు నా దగ్గర ఒక పాత ట్యాబ్ ఉండె, దాంట్ల కూడా స్ప్లిట్ ఉంది. ఆండ్రాయిడ్‌ల స్ప్లిట్ స్క్రీన్ 2016ల ఆండ్రాయిడ్ 7తోనే వచ్చింది, కానీ అప్పట్ల ఏ సగం మీద వేలు పెడితే ఆ సగమే పని చేసేది, ఇంకో యాప్‌ని పక్కన పడుకోబెట్టేది, చాలా వీడియో యాప్‌లు పాజ్ అయ్యేటివి. ఆండ్రాయిడ్ 10 నుంచి రెండూ కలిసి నడిచే వీలు వచ్చింది. ఆ పాతది ఇప్పుడు మా పాప కార్టూన్ల పలక, ఒక మూల పగిలింది, అయినా నడుస్తనే ఉంది పాపం.

ఇగ చిరాకు సంగతి. మస్తు చిరాకు. ఈ ట్యాబ్‌కి యాదిమరుపు ఉంది. నేను కష్టపడి డ్రామా పైన గ్రూప్ కింద పెట్టుకుంట, మధ్యల బెల్ మోగిందని స్క్రీన్ ఆపి లేస్తా, వచ్చి తెరిస్తే రెండూ విడిపోయి ఉంటయి. మళ్ళీ రీసెంట్స్‌కి పో, డ్రామా ఐకాన్ మీద నొక్కు, స్ప్లిట్ అను, గ్రూప్ వెతుకు, మధ్యల గీత లాగు, సైజ్ సరిచెయ్యి. ఈ లోపల ఓటీటీ యాప్ "మీరింకా చూస్తున్నరా" అని అడుగుతది. చూస్తున్న తల్లీ, చూద్దామనే చూస్తున్న! ఆండ్రాయిడ్ 15ల రెండు యాప్‌లని జోడీగ సేవ్ చేసుకునే ఆప్షన్ వచ్చింది, ఒక్క నొక్కుతో రెండూ తెరుచుకుంటయి. ఇది 14 మీద ఉంది. అప్‌డేట్ వస్తదా అని కంపెనీ వాళ్ళని అడిగిన, "సూన్" అన్నరు. సూన్ అంటే ఎప్పుడని అడిగితే స్మైలీ పెట్టిండ్రు. నేను రివ్యూ చేసేది చేతిల ఉన్నదాన్ని, స్మైలీని కాదు.

ఇంకోటి, గ్లాస్. మా గ్రూప్‌ల అసలు మజా సీన్ స్క్రీన్‌షాట్ పంపుడుల ఉంటది, "ఇగో ఈ చూపు చూడు" అని. కానీ ఓటీటీ యాప్‌ల స్క్రీన్‌షాట్ కొడితే నల్లగ వస్తది, ఇది ఏ ట్యాబ్‌లనైనా అంతే, కాపీ కాకుండ యాప్‌లే అట్ల లాక్ పెట్టుకుంటయి. గందుకని అందరం ఫోన్‌తో స్క్రీన్ ఫొటో తీస్తం. దీని గ్లాస్ ఎంత మెరుస్తదంటే నేను పంపిన ఫొటోల హీరో ముఖం మీద మా ఇంటి ట్యూబ్‌లైట్, ఫ్యాన్ రెక్క, నా నైటీ పూలు కూడా స్పష్టంగ పడ్డయి. కూకట్‌పల్లి అక్క "హీరో కంటే ఫ్యాన్ బాగుంది, ఏ కంపెనీ" అన్నది. మ్యాట్ గార్డ్ వేస్తే తగ్గుతది, కానీ అది మళ్ళీ మన పైసలే.

డల్లాస్ ఆమెతో ఇంకో పరేషాన్. కొరియా మనకంటే మూడున్నర గంటలు ముందు, అక్కడ శని ఆదివారం రాత్రి టీవీల వచ్చింది మనకు అదే సాయంత్రం యాప్‌ల పడ్తది. అప్పుడు డల్లాస్‌ల శనివారం పొద్దున, ఆమెకు సెలవు, ఇడ్లీ తినుకుంట చూసేస్తది. నేను అప్పటికి వంటింట్ల ఉంట. పది గంటలకు ట్యాబ్ పట్టుకుని ఫుల్ స్క్రీన్‌ల మొదలుపెట్టంగనే పైనుంచి బ్యానర్ జారుతది: "చచ్చిపోతడని అనుకోలేదే". ఎవరు చచ్చిపోతడు! ఇంకా టైటిల్స్ కూడా కాలే! డూ నాట్ డిస్టర్బ్ పెట్టుకోవచ్చు, కానీ ఇది ఆన్ అయి ఉంటే పైన ఐకాన్ ఇంత చిన్నగ ఉంటది, తీసేసుడు మర్చిపోతే పొద్దున స్కూల్ మెసేజ్ సప్పుడే రాదు.

కంపెనీ వాళ్ళు బాక్స్ మీద పెద్దగ రాసిండ్రు, వైడ్‌వైన్ ఎల్1 అని (వీడియో కాపీ కాకుండ ఉండే లాక్‌ల పై లెవెల్), అంటే ఓటీటీల హెచ్‌డీ వస్తదని. నిజమే, కింది లెవెల్ ఎల్3 ఉన్న సస్తా ట్యాబ్‌లల్ల హెచ్‌డీ రాదు, అది కొనే ముందు చూసుకోవాలె. కానీ మీరు నెట్‌ఫ్లిక్స్ 149 రూపాయల మొబైల్ ప్లాన్ మీద ఉంటే ఎల్1 ఉన్నా 480పీనే, హెచ్‌డీ కన్నా తక్కువ, ప్లానే అంత. దాని మీదున్నోళ్ళు బొమ్మ మసకగ ఉందని ట్యాబ్‌ని తిట్టకుండ్రి. స్పీకర్లు నాలుగు, గట్టిగ ఉన్నయి. బ్యాటరీ ఓకే. కెమెరా ఉంది, అంతే. మెట్రోల కూడా తీస్కపోయిన ఆఫీస్‌కి, ఉప్పల్‌ల సీటు దొరుకుతది, అమీర్‌పేట్‌ల జనం ఎక్కంగనే పక్కన అంకుల్ నాతోపాటే చూస్తుండు, నేను గ్రూప్ మెసేజ్‌లు పైకి జరిపితే ఆయన ముఖం మాడ్చుకున్నడు, పూర్తిగ చదవలేదనుకుంట.

ఇప్పుడు అసలు తీర్పు, దీంట్ల మా అత్తమ్మ ఉంది. మా ఇంట్ల టీవీ సాయంత్రం ఆరు నుంచి పది దాకా అత్తమ్మది, సోమవారం నుంచి శనివారం దాకా సీరియళ్ళు. కార్తీక దీపం 2017ల మొదలైనప్పటి నుంచి 2023ల అయిపోయేదాకా నేను ఆ టైమ్‌ల రిమోట్ ముట్టుకోలే. ఆదివారం ఒక్కటే నాది. ఒకరోజు నేను గిన్నెలు కడుగుతుంటే అత్తమ్మ ఈ ట్యాబ్‌ని తీసుకుని తెలుగు డబ్బింగ్ ఉన్న ఒక కొరియా డ్రామా పెట్టుకున్నది. నేను వచ్చేసరికి కళ్ళద్దాలు పైకి తోసి, ట్యాబ్‌ని దిండుకి ఆనిచ్చి, "ఈ పిల్ల అత్త మన సీరియల్ అత్తల కన్నా డేంజర్ ఉన్నదే" అంటున్నది. కొన్ని రోజుల్ల మొత్తం చూసేసి నన్ను అడిగింది, "పదహారు ఎపిసోడ్లకే అయిపోయిందా? ఇంకా పెళ్ళే కాలే వాళ్ళది!" ఆమె స్ప్లిట్ చెయ్యదు, స్క్రీన్‌షాట్ కొట్టదు, గ్రూప్ లేదు. ఫుల్ స్క్రీన్, గట్టిగ సౌండ్, పెద్ద అక్షరాలు. ఆమెకి దీంట్ల ఒక్క తప్పు కూడా కనిపియ్యలే.

నా లెక్క ఇది. నాలాగ గ్రూప్‌తో కలిసి చూసేటోళ్ళు ఇప్పుడే కొనకుండ్రి, ఆ 15 అప్‌డేట్ నిజంగ వచ్చినంక చూసుకోండ్రి, లేకపోతే జోడీ గుర్తుపెట్టుకునే వేరే ట్యాబ్ చూసుకోండ్రి, ఇంకో రెండు మూడు వేలు ఎక్కువైనా సరే. ఇంట్ల ఒక పెద్దామె ఉండి టీవీ మీద కొట్లాట ఉంటే మాత్రం కళ్ళు మూసుకుని కొనేయుండ్రి. నేను కూడా ఈ కొరియర్ వాపస్ పంపినంక సేల్‌ల ఒకటి ఆర్డర్ పెడ్తున్నా, నా పైసలతోనే, అత్తమ్మ కోసం. ఆమె ట్యాబ్ పట్టుకుంటే శనివారం టీవీ నాకొస్తది, పెద్ద స్క్రీన్ టీవీల, గ్రూప్ నా ఫోన్‌ల. మా ఆయనకు ఈ ప్లాన్ ఇంకా చెప్పలే, ఆయన ఈ ఛానెల్ చూడడు కాబట్టి ఇబ్బంది లేదు.

మీరు ఇప్పుడు ఏం చూస్తున్నరో కామెంట్స్‌ల పేరు రాయుండ్రి, ఎన్ని ఎపిసోడ్లో రాయుండ్రి, ఏడుపా నవ్వా అది కూడా చాలు. ఎండింగ్ రాసినోళ్ళని మాత్రం బ్లాక్ చేస్తా, డల్లాస్‌ల ఉన్నా సరే.